దేవుడిలాంటి మొగుడు

నా భర్తను దేవుడని మొట్టమొదట అన్నది ఆయన సొంత అక్క, నాకు వదిన. మంగళగిరి నుంచి పొద్దున బస్సుకి వచ్చి, గుమ్మంలో చెప్పులు విడుస్తూ, ఆయన నాకు జడ వెయ్యటం చూసింది. చూసి అక్కడే నిలబడిపోయింది.

“మా తమ్ముడు దేవుడమ్మా. ఏ మగాడు చేస్తాడు ఇలా? నువ్వు అదృష్టవంతురాలివి,” అంది.

మేం ప్రొటెస్టెంట్లం. మనిషిని పట్టుకుని దేవుడనటం మా ఇళ్లల్లో పద్ధతి కాదు. అయినా ఆవిడ నోటికి ఆ మాటే వచ్చింది. జడ ఆయన చేతిలో ఉంది కాబట్టి నేను తల తిప్పలేదు. ఒళ్లు మాత్రం మండిపోయింది.

అది డెబ్బైల్లో మాట. గుణదల వైపు ఒక పెంకుటింట్లో రెండు గదుల వాటాలో ఉండేవాళ్లం. ఆయన గవర్నర్‌పేటలో ఒక ఆఫీసులో గుమాస్తా. నేను ఎలిమెంటరీ స్కూల్లో టీచర్ని. నాకు ముప్పై దాటగానే కీళ్లవాతం మొదలైంది. ముందు వేళ్లు. పొద్దున లేచేసరికి పిడికిలి ముడుచుకునేది కాదు. తర్వాత మణికట్లు, మోకాళ్లు. సుద్దముక్క పట్టుకుంటే జారిపోయేది. కొన్నాళ్లకి జాకెట్టు హుక్కులు పెట్టుకోవటం, అన్నం కలుపుకోవటం కూడా నా వల్ల కాలేదు. స్కూలుకి సెలవు పెట్టేశాను. ఆయనే పొద్దున్నే కిరసనాయిలు స్టవ్వు వెలిగించి వంట చేసి, నాకు తల దువ్వి, ఆఫీసుకి సైకిలెక్కేవారు.

వదిన మాటకి అంత కోపం ఎందుకొచ్చిందో తెలియాలంటే అంతకుముందు సంగతి చెప్పాలి. నాకు జబ్బు రాకముందు మా అత్తగారు పక్షవాతంతో ఆ ఇంట్లోనే ఏళ్ల తరబడి మంచంలో ఉన్నారు. నేనే స్నానం చేయించాను, నేనే తినిపించాను. పక్క తడిస్తే నేనే మార్చి, ఆ గుడ్డలు కుళాయి దగ్గర ఉతికి స్కూలుకి పరిగెత్తాను. మధ్యాహ్నం బెల్లు కొట్టగానే మళ్లీ ఇంటికి పరుగు. ఆవిడకి పుండ్లు పడకుండా అటూ ఇటూ తిప్పీ తిప్పీ నా నడుం పడిపోయింది. వదిన నెలకోసారి వచ్చి, వాళ్లమ్మ వీపు తిప్పి చూసి, “గంజి మరీ పలచగా కాస్తున్నట్టున్నావు,” అని వెళ్లేది. ఏ ఒక్కరూ నన్ను దేవతని అనలేదు. అనాలని నేనూ కోరుకోలేదు. కోడలన్నాక తప్పుతుందా అన్నారు, అంతే.

ఆ రోజుల్లో నాకు నిద్ర పట్టేది కాదు. క్లాసులో పిల్లలు ఎక్కం అప్పచెబుతుంటే కారణం లేకుండా కళ్లవెంట నీళ్లు కారేవి. బస్సు హారన్ వినిపిస్తే గుండె దడ. ఇది జబ్బని నాకే తెలియదు. అప్పుడు మా నోళ్లల్లో పిచ్చి అనే మాట ఉండేది, ఏమీ లేదు అనే మాట ఉండేది. మధ్యలో ఇంకో మాట లేదు. నాకు పిచ్చి లేదు కాబట్టి ఏమీ లేదు. అత్తగారు పోయినప్పుడు, మీ అమ్మకి ఎంత సేవ జరిగిందయ్యా అని వచ్చినవాళ్లంతా ఆయన చెయ్యే పట్టుకున్నారు. సేవ జరిగిందట. ఎవరు చేశారో అడిగినవాళ్లు లేరు.

అలాంటిది, మూడు పాయలు తీసి జడ అల్లినందుకు ఆయన దేవుడైపోయారు.

పేరు త్వరగానే పాకింది. గవర్నర్‌పేటలో డాక్టరుగారి దగ్గరికి వెళితే, నేను ఎదురుగా కుర్చీలో ఉండగానే ఆయన మా ఆయన్ని అడిగారు. “పొద్దున పూట బిగుసుకుపోవటం తగ్గిందా ఆవిడకి?”

“తగ్గలేదండీ,” అన్నాను నేను.

“ఆకలి ఉంటోందా?” అని మళ్లీ ఆయన్నే అడిగారు. నా చేతులు బల్లమీద పెట్టించుకుని నొక్కి చూశారు కానీ నా మొహంకేసి చూడలేదు. బయటికొస్తుంటే మా ఆయన భుజం తట్టి, “మీలాంటివాళ్లు అరుదండీ,” అన్నారు.

చర్చిలో ఇంకా ఘోరం. ఒక ఆదివారం పాస్టరుగారు ప్రసంగం మధ్యలో ఆగి, భార్యను పసిబిడ్డలా సాకుతున్న ఈ సహోదరుడి కోసం స్తుతి చెల్లిద్దాం అన్నారు. అందరూ వెనక్కి తిరిగి ముందు ఆయన్ని, తర్వాత నన్ను చూశారు. ఆయన్ని చూసినప్పుడు మెప్పు, నన్ను చూసినప్పుడు జాలి. ముప్పై రెండేళ్ల ఆడదాన్ని, ఊళ్లో సగంమంది పిల్లలకి అక్షరాలు దిద్దించినదాన్ని, పసిబిడ్డనయ్యాను. మా ఆయన తల వంచుకుని కూర్చున్నారు. ఆరాధన అయ్యాక ఆడవాళ్లు నా చుట్టూ చేరి, ఇంత మంచి భర్తనిచ్చినందుకు దేవునికి కృతజ్ఞతగా ఉండాలమ్మా, మొహం అలా పెట్టుకోకూడదు అని బోధించారు. నొప్పితో మొహం అలాగే ఉంటుందని వాళ్లకి ఎందుకు తట్టలేదో నాకు ఇప్పటికీ అర్థం కాదు. అంత స్తుతించినవాళ్లలో ఒక్కరు ఒక్కరోజు గిన్నెడు పప్పు తెచ్చింది లేదు. దొడ్లో ఆరేసిన బట్టలు తీసి లోపల పడేసింది లేదు.

రిక్షాలో ఇంటికొస్తూ, ఆయనకి పొగడ్త నచ్చిందేమోనని నేను అనుకున్నాను. ఆ అనుమానంతో వారమంతా ముభావంగా ఉన్నాను.

ఒక సాయంత్రం వంటగదిలో పాలు పొంగి స్టవ్వు మీద పోయాయి. మాడు వాసన వస్తున్నా ఆయన కదలటంలేదు. నేను గోడ పట్టుకుని నెమ్మదిగా వెళ్లి చూశాను. స్టవ్వు ఆర్పేసి ఉంది. ఆయన పీట మీద కూర్చుని మోకాళ్లమీద తల పెట్టుకున్నారు. భుజాలు కదులుతున్నాయి. పెళ్లయ్యాక ఆయన ఏడవటం నేను చూడటం అదే మొదలు. వాళ్లమ్మ పోయినప్పుడు కూడా ఏడవలేదు.

“ఏమైందండీ?”

“ఏం లేదు. అలిసిపోయాను,” అన్నారు. మొహం తుడుచుకుని, “అలిసిపోయానని ఎవరికి చెప్పను? ఆఫీసులో చెప్పబోతే, నీకేమయ్యా, నువ్వు దేవుడివి అంటారు. దేవుడికి విసుగు రాకూడదుగా. నాకు వస్తోంది. నీమీద కూడా వస్తోంది,” అన్నారు.

ఆ మాటకి నాకు బాధ కలగాలి. కానీ హాయిగా అనిపించింది. ఎన్ని నెలల తర్వాతో ఆ ఇంట్లో ఒక నిజం మాట విన్నాను. పక్కన కూర్చోవటానికి మోకాళ్లు వంగవు కాబట్టి నిలబడే చెప్పాను. “నాకూ మీమీద విసుగొస్తోందండీ. జడ గట్టిగా లాగుతారు. మీ అమ్మగారికి చేసినప్పుడు నాకూ విసుగొచ్చేది. ఎవరికి చెప్పుకోవాలో తెలిసేది కాదు.”

ఆయన తలెత్తారు. “అప్పుడు నాకెందుకు చెప్పలేదు?”

“మీరు అడగలేదు.”

ఆయన కాదనలేదు. లేచి తడిగుడ్డ తెచ్చి స్టవ్వు తుడిచారు.

ఆ రోజు నా కోపం దారి మార్చుకుంది. ఇన్నాళ్లూ ఆయన్ని పొగుడుతున్నారని మండిపడ్డాను. ఆ పొగడ్త ఆయన నోరు కూడా నొక్కేసిందని అప్పుడు తెలిసింది. మనిషిని దేవుడంటే ఇక సాయం చెయ్యక్కర్లేదు. దణ్ణం పెట్టి ఇంటికి పోవచ్చు.

తర్వాతి నెల వదిన వచ్చింది. కాఫీ తాగి, “మా తమ్ముడు దేవుడు” అని మళ్లీ మొదలుపెట్టింది.

“కాదు వదినా, మనిషి,” అన్నాను. “ఆయనకి అలుపొస్తోంది. వారంలో ఒక రోజు మీరొచ్చి ఇంత వండిపెడితే ఆయన కాస్త నడుం వాలుస్తారు.”

వదిన గ్లాసు కింద పెట్టింది. “నాకు సంసారం లేదా? రోజూ మంగళగిరి నుంచి రావాలా?”

“రోజూ అనలేదు. ఒక్క రోజు. మీ అమ్మగారికి నేను అన్ని ఏళ్లు చేశాను, నాకూ ఉద్యోగం, సంసారం ఉన్నాయి.”

“చేసింది చెప్పుకుంటున్నావా?”

“మీరెవరూ చెప్పలేదుగా. అందుకని నేనే చెబుతున్నాను.”

ఆవిడ పక్కనే కూర్చున్న తమ్ముడికేసి చూసింది, నన్ను కసురుతారని. ఆయన, “అది అడిగినదాంట్లో తప్పేముందక్కా?” అన్నారు. వదిన సంచీ తీసుకుని బస్టాండుకి వెళ్లిపోయింది. ఆయన వెనకాలే వెళ్లి బస్సెక్కించి వచ్చారు. వచ్చి, “అక్క దారంతా ఏడ్చింది,” అన్నారు. నామీద నింద వేస్తున్నట్టు కాదు, జరిగింది చెప్పారంతే. నాకు కష్టంగానే అనిపించింది. అడిగినందుకు మాత్రం చింతించలేదు.

వదిన ఆ తర్వాత చాలా కాలం మా గడప తొక్కలేదు. చుట్టాల్లో నాకు నోటి దురుసు మనిషినని పేరొచ్చింది. రానీ. పక్క వాటాలో దివిసీమ వైపు నుంచి వచ్చిన కమ్మవారావిడ ఉండేది. గొడవంతా గోడ అవతల నుంచి విన్నట్టుంది. మర్నాడు వచ్చి, “శనివారాలు మీ వంట కూడా మాతోపాటే పెట్టేస్తాలెండి,” అంది. నన్ను పొగడలేదు, ఆయన్నీ పొగడలేదు. శనివారాలు ఆయన కాలవ గట్టు మీద స్నేహితులతో కూర్చుని, చీకటి పడ్డాక కాస్త నవ్వు మొహంతో వచ్చేవారు. డాక్టరుగారు మళ్లీ ఆయన్ని అడగబోతే, “ఆవిణ్ణే అడగండి, నొప్పి ఆవిడది,” అన్నారు మా ఆయన.

మరుసటి ఏడు నేను స్కూలుకి తిరిగి వెళ్లాను. బోర్డు మీద పిల్లలచేత రాయించి, నేను కుర్చీలో కూర్చుని పాఠం చెప్పేదాన్ని. నొప్పి తగ్గలేదు. కొన్ని రోజులు పొద్దున్నే మంచం దిగటానికి ఏడుపొచ్చేది. ఇద్దరం ఒకరిమీద ఒకరం విసుక్కునేవాళ్లం, పైకే విసుక్కునేవాళ్లం. ఆ ఇంట్లో మేం బతికి బట్టకట్టింది దానివల్లనే అని నా నమ్మకం. వదిన మాత్రం నన్ను క్షమించలేదు. క్షమించమని నేను అడగనూ లేదు.