రాయి కింది గుంట

ఏళ్లుగా ఒక మాట నా గొంతులో ముల్లులా ఇరుక్కుని ఉంది. మింగలేను, కక్కలేను. మీరెవరో నాకు తెలియదు కాబట్టే మీతో చెప్పగలుగుతున్నాను.

మాది బొగ్గుబాయి కార్మికుల క్వార్టర్. మా ఆయనకు చేపల పిచ్చి. ముందు గదిలో పెద్ద అద్దాల తొట్టి పెట్టి ఆఫ్రికా సిక్లిడ్ చేపలను పెంచేవాడు. పసుపువి, నీలివి. అవి రాళ్ల సందుల్లో బతికే రకం. అందుకని చెన్నూరు దగ్గర గోదావరిలో రాళ్లు ఏరుకొచ్చి, కడిగి, తొట్టిలో గుట్టలా పేర్చాడు. ముందు రాయి, తర్వాతే ఇసుక అని నాకు వందసార్లు చెప్పాడు. ఈ చేపలు ఊరుకోవు, నోటితో ఇసుక తోడిపోస్తూనే ఉంటాయి. రాయి తొట్టి అడుగున అద్దం మీద కూర్చుంటే కదలదు. ఇసుక మీద కూర్చుంటే ఏదో ఒకరోజు ఒరుగుతుంది.

నాకు తెలుసు. తెలిసే చేశాను. పెద్దపల్లి నుంచి మా చెల్లెలు వాళ్లొస్తున్నారు. ముందు వైపు బోసిగా ఉంటే ఏం బాగుంటుందని, ఆయన డ్యూటీలో ఉండగా పెద్ద రాయిని ముందుకు తెచ్చి ఇసుక మీదే పెట్టేశాను. ఫొటో తీసి స్టేటస్ పెట్టుకున్నాను. తర్వాత సరిచేద్దామనుకున్నాను. బద్ధకించాను.

కొన్ని రోజులకు, నేను వంటింట్లో ఉండగా ధన్‌మని చప్పుడైంది. పరుగెత్తుకొచ్చేసరికి ముందు అద్దం పగిలి నీళ్లు గడప దాటుతున్నాయి. గదిలో మా అత్తమ్మ ఒక్కతే ఉంది. ఏడుస్తూ, కొట్టుకుంటున్న చేపలను కొంగులో ఏరుతోంది. బొక్కెన తెమ్మని ఆమెను బయటికి పంపి తొట్టిలోకి చూశాను. ముందు అద్దం మీదికి ఒరిగిన నా రాయి, దాని కింద చేపలు తోడిన గుంట.

నేనేం చేశాను? రాయిని తీసి మిగతా రాళ్లలో కలిపాను. గుంటను చేత్తో పూడ్చాను. భయంలో ఏం చేశానో తెలియలేదని రాయాలని ఉంది. కానీ తెలుసు.

అద్దం మీద తట్టి చేపలను పిలవడం అత్తమ్మకు అలవాటు. ఆయన డ్యూటీ దిగి వచ్చి ఆమె మీద విరుచుకుపడ్డాడు.

"అవ్వా, అద్దం మీద కొట్టకుమని ఎన్నిసార్లు చెప్పిన?"

"కొట్టలే కొడుకా. జర తట్టిన, గంతే."

"గా తట్టుడుకే పలిగింది!"

ఆమె తన వేళ్లకేసి చూసుకుంది. "అయితే నేనే పలగ్గొట్టిన గావచ్చు."

ఆయన నా వైపు తిరిగాడు. "నువ్వు చూసినవా?"

"చూడలే. నేను వంటింట్ల ఉన్న."

అందులో అబద్ధమేముందని ఆ రోజంతా నాకు నేనే నచ్చజెప్పుకున్నాను. ఇంకో మాట కూడా చెప్పాలి, సిగ్గుగా ఉంది. నాకు కొంచెం సంతోషం కలిగింది. ఆ ఇంట్లో ఏది పగిలినా నా పేరే వచ్చేది. మొదటిసారి ఇంకొకరి పేరు వచ్చింది.

ఆ తర్వాత అత్తమ్మ ఏ వస్తువునూ అడగకుండా ముట్టలేదు. గ్లాసైనా, రిమోటైనా. నాకు బిడ్డ పుట్టినప్పుడు మంచం దగ్గర చేతులు వెనక్కి పెట్టుకుని నిలబడింది. "ఎత్తుకోవాల్నా బిడ్డా? నా చేతులు మంచియి గావు" అంది. పాపను ఆమె ఒడిలో పెట్టాను. నోరు మాత్రం విప్పలేదు.

ఇప్పుడామె పక్క గదిలోనే ఉంది. చెప్పాల్సింది మీకు కాదు, ఆమెకని తెలుసు. రేపు చెబుతానా? ఏమో, నా మీద నాకే నమ్మకం లేదు. ఇక్కడైనా ఒక్కసారి పూర్తిగా రాయనివ్వండి. ఆ అద్దం పగలగొట్టింది నేను. అత్తమ్మ కాదు.