పడుగు పట్టించిన పెద్దమ్మ

ఊరికే నిలబడ్డ మనిషిని చూస్తే మా పెద్దమ్మకు పడేది కాదు. “ఊరికే నిలబడ్డావేంది, కాస్త ఇది పట్టుకో” అంటూ ఏదో ఒకటి చేతిలో పెట్టేది. పిల్లను చూడ్డానికి వచ్చిన పెళ్ళికొడుకు చేత కూడా గంజికుండ మోయించింది.

నూలుకు కంట్రోలున్న రోజుల్లో, నరసరావుపేట పక్కనున్న మా సాలెపేటను టౌన్లో కలిపేస్తామన్నారు. కలిస్తే వీధిని బండ్లకు వదలాలి, పడుగు పరచకూడదు. వీధి పొడవునా దారాలు లాగి కట్టి, గంజి పట్టించి ఆరబెడితేనే మాకు నేత. పడుగు తడిగా ఉంటే మా వీధిలో పెళ్ళి ఊరేగింపైనా ఆగాల్సిందే.

హద్దు చూడ్డానికి టౌను ఆఫీసరు టోపీ పెట్టుకుని వచ్చిన పొద్దున గాలి లేచింది. వీధి మొదట్లో పడుగు కొస కట్టిన గుంజ ఊడింది. పెద్దమ్మ పరుగున వచ్చి, ఆ కొసకర్రను ఆయన చేతుల్లోనే పెట్టేసింది.

“ఎనక్కి లాగు నాయనా. ఇంకాస్త ఎనక్కి.”

ఆయన లాగుతూ లాగుతూ రోడ్డు దాకా వెళ్ళాడు. టోపీ ఎగిరి గంజిలో పడింది.

“నా టోపీ” అన్నాడు.

“టోపీ ఏడికి పోద్ది? దారాలు తెగుతయ్, వదలమాక.”

వీధంతా పొట్ట పట్టుకుని నవ్వింది. కాసేపటికి ఆయనకూ నవ్వాగలేదు. పడుగు ఆరేదాకా కర్ర మాత్రం వదల్లేదు.

“ఈ వీధి బండ్లకిస్తే ఇదెక్కడ పరుస్తారు?” అని వెళ్ళేముందు అడిగాడు.

“మేమూ అదే అడుగుతున్నాం” అంది పెద్దమ్మ.

ఆ ఏడే టౌను హద్దురాయి పాతారు, సరిగ్గా ఆయన మడమలు ఆనిన చోట. మా పేట బయటే మిగిలింది. మర్నాడు పెద్దమ్మ పడుగు కొస తెచ్చి ఆ రాయికే కట్టింది.

“ఊరికే నిలబడింది గదా, కాస్త పట్టుకోనీ” అంది.