కట్టు విప్పమన్న చెయ్యి

మొన్న కల్వకుర్తి అంగడిలో జనపనార తాడు అడిగితే, కొట్టాయన అదేదో పాతకాలం సరుకన్నట్టు నవ్వి నైలాన్ తాడు చుట్ట ముందు పెట్టాడు. గేటుకు కట్టడానికి ఏదైనా ఒకటే, కానీ ఆ నునుపు చేతికి తగలగానే వద్దని వచ్చేశాను. నా ఈడువాళ్లు చదివి మొహం తిప్పుకున్నా సరే, ఎందుకు వచ్చేశానో చెప్పాలనిపిస్తోంది.

తెలంగాణ వచ్చిన కొత్తలో నేను కాలేజీ లైబ్రరీ ఉద్యోగం నుంచి దిగిపోయాను. పిల్లలు లేని ఇల్లు మాది. నేనూ నా భార్యా ఒకరి చెయ్యి ఒకరు పట్టుకోవడం కూడా మరిచిపోయి బతుకుతున్న రోజులవి. ఫోన్‌లో నెట్టు చౌకయ్యాక ఏదో చదువుతుంటే, ఇష్టపడిన మనిషిని తాడుతో కట్టే జపాన్ వాళ్ల విద్య ఒకటి కంటబడింది. సిగ్గుపడుతూనే ఆమెకు చూపించాను. ఆమెది మక్తల్ వైపు గొర్రెలు సాదే ఇల్లు.

"గీ దానికి జపాను దాక పోవాల్నా? బొచ్చు కత్తిరిచ్చేటప్పుడు మా నాయిన గొర్రెను గిట్లనే కడ్తుండె" అని నవ్వింది. ఇంకాసేపు చూసి, "గొర్రెనైతే ఎవ్వరడగరు. వీళ్లు అడిగి కడ్తున్నరు" అంది. ఆ మాటతోనే మొదలైంది.

షిబరి అంటే కట్టడమని, నవ అంటే తాడని, నైలాన్ నునుపుకు ముడి జారుతుందని, జనపనార తాడే వాడాలని, కట్టించుకునే మనిషిని ఉకె అంటారని ఇద్దరం కలిసే నేర్చుకున్నాం. మొదట వచ్చేది మణికట్టుకు వేసే కట్టు, లాగినా బిగుసుకోని ముడి. తాడు కింద వేళ్లు దూరేంత సందు ఉండాలి, చెయ్యి చల్లబడినా తిమ్మిరెక్కినా విప్పాలి, కత్తెర దగ్గరే ఉండాలి, కట్టిన మనిషి గది విడిచి పోకూడదు. ఇక చాలు అనడానికి ఒక మాట ముందే అనుకోవాలి. ఆమె సద్దరొట్టె అని పెట్టింది, సజ్జరొట్టెకు వాళ్ల వైపు మాట. నోరు పెగలకపోతే పిడికిలి మూసి తెరవాలి. నన్ను కట్టే వంతు వచ్చినప్పుడు, "కదలకు, నీకన్న గొర్రె నయం" అని కసిరేది. ఆ కొన్నేళ్లలో మేము మాట్లాడుకున్నంత, పెళ్లయిన కొత్తలో కూడా మాట్లాడుకోలేదు.

తర్వాత ఆమెకు ఊపిరితిత్తులు చెడి హైదరాబాదులో పెద్ద దవాఖానలో చేర్చాం. నోట్లో గొట్టం వేశారు. పీకేసుకుంటుందని రెండు చేతులనూ గాజుగుడ్డతో మంచం కమ్మీలకు కట్టారు. నన్ను లోపలికి పంపినప్పుడు ఆమె కళ్లు తెరిచే ఉంది. నన్ను చూసి పిడికిలి మూసింది, తెరిచింది, మళ్లీ మూసింది. గుడ్డ కింద వేలు పెట్టబోతే దూరలేదు. చెయ్యి ఉబ్బి చల్లగా ఉంది.

కట్టు వదులు చేయమని నర్సమ్మను అడిగాను.

"మత్తులో అందరు గట్లనే చేస్తరు పెద్దాయనా. పైపు పీకితే మా మీదికొస్తది."

"మత్తు కాదమ్మా, ఇప్పమంటాంది. చెయ్యి నేను పట్టుకొని కూసుంట."

"టైమైపోయింది, బయటికి నడువుండ్రి."

విప్పమంటోందని నీకెలా తెలుసని నర్సమ్మ అడిగితే నేనేం చెప్పగలను? ఆ సైగ ఎక్కడిదో చెప్పడానికి నోరు రాలేదు. చెప్పినా నమ్మేవారు కాదు, నమ్మితే నవ్వేవారు. బయట బెంచీ మీద కూర్చున్నాను. మళ్లీ పిలిచేసరికి ప్రాణం పోయింది.

స్నానం చేయించేటప్పుడు మణికట్ల మీది నల్లటి చారలు చూసి మా బావమరిది భార్య కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. దినాల్లో వచ్చినవాళ్లంతా మంచి చావే, బాధపడకుండా పోయిందన్నారు. ఆమె ఏమని అడిగిందో తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే కాబట్టి ఎవరితోనూ వాదించలేదు.

ఇప్పుడు రోడ్డు వెడల్పయింది, హైదరాబాదు పోకుండానే అన్ని వైద్యాలూ దొరుకుతున్నాయి. పోయిన వారం మా బావమరిది గొంతునొప్పికి కొత్త దవాఖానకు పోయివచ్చి, అక్కడ పెద్ద జబ్బు మనుషుల పక్కన ఇంటివాళ్లను రోజంతా కూర్చోనిస్తున్నారని సంతోషంగా చెప్పాడు. "మంచి పద్ధతి పెట్టిండ్రు బావా" అన్నాడు. మంచిదే అన్నాను.