లేచి నిలబడి గిటారు వాయించిన రోజు

చాలా ఏళ్లపాటు నేను కూర్చునే గిటారు వాయించాను. చీపురుపల్లిలో లెక్కలు చెప్పే టీచర్ని. బడి పండగలకూ, తెలిసినవాళ్ల పెళ్లిళ్లకూ పిలిస్తే వెళ్లి పాటలు పాడతాను. నా పాత గిటారు మామూలు చెక్క గిటారు, వైరు తగిలించే వీలు లేదు. దాని బొజ్జకున్న గుండ్రటి కన్నం ముందు ఒక మైకు, నా నోటి ముందు ఇంకో మైకు. కాస్త వెనక్కి వాలితే గిటారు వినిపించదు. ముందుకు వంగితే నా గాజుల చప్పుడే పందిరంతా వినిపిస్తుంది.

మైకు సెట్టు మా బావది, మేనత్త కొడుకు. ఓ పెళ్లిలో నన్ను చూసి, "ఒసే, పాట పాడతన్నావా, పళ్ల డాక్టరు కుర్చీలో కూకున్నావా?" అన్నాడు. నవ్వేసి ఊరుకున్నాను.

ఊరుకోనివ్వనిది మా హెడ్‌మిస్ట్రెస్ గారు. ఆవిడ రిటైరవుతున్నారు. సభలో నేను పాడాలన్నారు. "కానీ ఒక్క షరతమ్మా. నా వైపు సూసి పాడాలి. ఎప్పుడు సూసినా ఆ మైకునే సూస్తావు, దానికి నీ మీద కోపమొచ్చినట్టు."

ఆ ఆదివారం నేనూ బావా రైలెక్కి విజయనగరం వెళ్లాం. పికప్ అమర్చిన గిటారు కావాలి. అంటే తీగల మోతను లోపలే పట్టుకుని వైరు గుండా స్పీకరుకు పంపేది. తక్కువ ధరలో దొరకాలి, పదిమందిలో పరువు పోకూడదు. గంటస్తంభం దగ్గర సందులో హార్మోనియంలూ డోలక్‌లూ అమ్మే కొట్టుకు వెళ్లాం. ఓనరుగారు సరుకు కోసం విశాఖ వెళ్లారట. వాళ్లావిడ ఉన్నారు. అరవై దాటి ఉంటాయి. ముందే చెప్పేశారు: "వాయించడం నాకు రాదమ్మా. వినడం మాత్రం వచ్చు."

నా స్తోమతకు తగ్గవి రెండున్నాయి. ఒకటి ఎర్రగా తళతళలాడుతోంది. రెండోది కాఫీ పొడి రంగు, కంటికి ఆనదు. ఎర్రదానికి తీగలు మెడ మీంచి మరీ ఎత్తులో ఉన్నాయి. రెండు పాటలకే వేళ్లు మండాయి. కాఫీరంగుదాని మెడ మీద ప్రతి మెట్టూ నొక్కి చూశాను. ఎక్కడా తీగ గరగరలాడలేదు. గిటారు పక్కచెక్కలోని చిన్న అరలో బ్యాటరీ, దాని పైన శ్రుతి చూపించే దీపం, లావు స్వరాన్నీ సన్న స్వరాన్నీ పెంచి తగ్గించే బుడిపెలు. బావ వైరు గుచ్చి, గుచ్చిన చోట అటూ ఇటూ ఊపాడు. బురబుర రాలేదు. "జాక్ గట్టిగానే ఉన్నాది," అన్నాడు.

కొట్టావిడ కళ్లు మూసుకుని రెండూ విన్నారు. "ఎర్రది ముక్కుతో పాడతన్నాది. ఇది నోటితో పాడతన్నాది," అన్నారు.

నాకూ అలాగే అనిపించింది. బావ ఒప్పుకోలేదు. "కొట్లో అన్నీ బాగానే మోగుతాయండి. ఆరుబయట నా స్పీకరు పెట్టెల ముందు మోగాలి."

ఆవిడకేం కోపం రాలేదు. "అయితే అట్టుకెళ్లండి. మీ సభలో వాయించి సూడమ్మా. నచ్చితే ఉంచుకో, లేకపోతే గీత పడకుండా తెచ్చియ్యి," అంటూ సంచిలో పెట్టి ఇచ్చారు. ముక్కూ మొహం తెలియని మనిషికి అలా ఇవ్వడం నేనెక్కడా చూడలేదు.

సభ మధ్యాహ్నం, బడి ఆవరణలో. రెండు గంటల ముందే వెళ్లి గిటారుకు వైరు తగిలించి మొదటి స్వరం మీటాను. కుయ్యిమని ఒక కూత! గోడ మీద కాకులు లేచిపోయాయి. కుర్చీలు వేస్తున్న పిల్లలు చెవులు మూసుకుని విరగబడి నవ్వారు.

"పెట్టెకి ఎదురుగా నిలబడ్డావేటే! ఇటు జరుగు!" అని అరిచాడు బావ. జరిగాను. కూత ఆగింది గానీ లావు తీగ ముట్టుకుంటే చాలు, బుమ్మని మోగుతూనే ఉంది. లావు స్వరం బుడిపె తగ్గించినా అంతే.

"స్పీకరు మోత ఆ కన్నంలోకి దూరి మళ్లీ తిరిగొస్తన్నాది. కన్నం మూసీ," అన్నాడు.

దేంతో మూయాలి? సభకు తెచ్చిన లడ్డూల అట్టపెట్టె కనిపించింది. స్టాఫ్ రూములోంచి వృత్తలేఖిని తెచ్చాను. కన్నం అడ్డుకొలత కొలిచి, అందులో సగం తీసుకుని మూత మీద గుండ్రం గీశాను. బావ బ్లేడుతో కోసి టేపుతో అంటించాడు. పదో తరగతి పిల్లలు చుట్టూ మూగి చూశారు. వృత్తాల పాఠం అంత శ్రద్ధగా నా దగ్గర ఎన్నడూ వినలేదు వాళ్లు.

మళ్లీ మీటాను. మోత తేటగా, మెత్తగా వచ్చింది. బావ మైకుల మోత హెచ్చుతగ్గులు చేసే మిక్సరు దగ్గర్నుంచి బొటనవేలు ఎత్తాడు.

సభలో నా వంతు రాగానే లేచి నిలబడ్డాను. రెండు చేతులూ గిటారు మీదే ఉంటాయి కాబట్టి బావ ఎక్కడో అడిగి తెచ్చిన తలకు పెట్టుకునే మైకు పెట్టుకున్నాను. హెడ్‌మిస్ట్రెస్ గారి కళ్లలోకి చూస్తూ, పాడుతూ నడిచాను. ఆవిడ ఇంకా మూడడుగుల దూరంలో ఉండగా వైరు బిగుసుకుంది. వెనక నుంచి బావ, "ఆగే, ఆగు! మిక్సరు లాగేస్తావు!" అన్నాడు. అందరూ గొల్లుమన్నారు. అప్పుడు ఆవిడే దండలు పక్కన పెట్టి, లేచి నా దగ్గరకు వచ్చి, పాట అయ్యేదాకా నా భుజం మీద చెయ్యి వేసి నిలబడ్డారు. చివరి చరణంలో నా గొంతు కాస్త వణికింది. గిటారు వణకలేదు.

నిజం చెప్పాలంటే వైరు తీసేస్తే దాని గొంతు నా పాతదానంత తీయగా ఉండదు. సన్న తీగలు కాస్త రేకులా మోగుతాయి. ఇంట్లో ఇప్పటికీ పాతదే వాయిస్తాను. సభలకు మాత్రం కాఫీరంగుదే. ఉంచుకుంటున్నానని చెప్పి డబ్బివ్వడానికి వెళ్తే, కొట్టావిడ ఆ అట్టమూత చూసి ఆశ్చర్యపోయి, ఇందుకోసమే చేసిన రబ్బరు బిళ్ల ఉంటుందని సొరుగులోంచి తీసి చూపించారు. బావ మొహం చూడాలి! బ్లేడుతో అంత కష్టపడి కోశాడు మరి.

పోయిన నెల కొత్తవలసలో ఒక బారసాలకు వెళ్లాం. బావ పొడుగు వైరు కొన్నాడు. ఉయ్యాల దాకా నడిచి వెళ్లి జోల పాడాను. పాప నా జోలంతా మింగేసేలా ఏడ్చింది. బావ మిక్సరు మీద చెయ్యి పెట్టి, "దానికి పెట్టెలక్కర్లేదే, సూడు!" అని నవ్వాడు.