ఎండలో చల్లబడిన ఎలుక

ఈ రోజు సుమ్మాదేవి ఊరి దగ్గర మా మావయ్య జీడితోటలో పురుగుమందు కొట్టాడు. ఎండ సోకకుండా తలకు తువ్వాలు చుట్టుకుని, మందు మాత్రం వట్టి చేత్తో కలిపాడు. మిట్టమధ్యాహ్నం చెట్టు కింద ఒక ఎలుక వణుకుతూ పడి ఉంది. ముట్టుకుంటే మంచుముక్కలా తగిలింది.

“విషం తగిలితే ఎలకలకి ఒళ్లు ఇలాగే సల్లబడిపోద్దంట మావా,” అన్నాను.

“ఏటి నీ సదువు! దానికి తువ్వాలు నేదు కదా, ఎండదెబ్బ కొట్టీసినాది,” అంటూ అదే చేత్తో మూతి తుడుచుకున్నాడు.

సాయంత్రానికి ఆయనకూ చెమటలు, వణుకు. పలాసలో ఆసుపత్రి బెంచీ మీద కూర్చుని ఇది రాస్తున్నాను. ప్రమాదం లేదన్నారు. ఏమైందని డాక్టరు అడిగితే మావయ్య ఎంతో బాధగా చెప్పాడు: “తువ్వాలు జారిపోనాది బాబూ.”

మీ ఇళ్లలో తువ్వాళ్లు గట్టిగానే కడుతున్నారా?