హిల్కా శనివారం

మా ఊరు హార్యుయార్వికి మూడు పక్కలా సరస్సులు, నాలుగో పక్క కొండ. ఒడ్డున ఊరుమ్మడి ఆవిరి స్నానాల గది, మా సౌనా. ఏళ్ల తరబడి దాన్ని కాచేది హిల్కా. బడి వంటింట్లో పనిచేసి రిటైరైన ఒంటరి మనిషి. ఆమెకు వారమంటే శనివారమే. ఆ రోజు కట్టెలు తనే చీల్చి, రాళ్లు బాగా కాగాకే మమ్మల్ని రానిస్తుంది. ఆమె నోట మాట రావడం గగనం. ఎవరైనా వేడి పోయేలా తలుపు తీసి నిలబడితే మాత్రం "తలుపు!" అని ఒక్క కేక. దానికి మా పాస్టరుగారు కూడా ఉలిక్కిపడతారు.

మా పంచాయతీని పట్నంలో కలిపేశాక, సౌనా ఖర్చు దండగని అక్కడివాళ్లకు తోచింది. మూసేద్దామా అని అడగడానికి ఒక శనివారం మెర్వి అనే అధికారిణి వచ్చింది. ఊరంతా బడి హాల్లో వెనక వరసల్లో ఇరుక్కుని కూర్చున్నాం. ముందు కుర్చీలన్నీ ఖాళీ.

"ఎవరికైనా అభ్యంతరమా?" అంది మెర్వి.

అందరికీ అభ్యంతరమే. కానీ ముందుగా నోరు విప్పేవాడు మా ఊళ్లో ఇంకా పుట్టలేదు. విందుల్లో మొదటి కప్పు ఎవరూ తీసుకోక కాఫీ చల్లారిపోతుంది. నేను నా బూట్లకేసి చూసుకున్నాను.

"అయితే లేదన్నమాట," అని మెర్వి కలం తీసింది.

అప్పుడు హిల్కా లేచింది. "సౌనా కాగింది. ఆడవాళ్ల వంతు," అని మెర్వికేసి తలాడించింది.

సౌనాకు పిలిస్తే కాదనడం మా దేశంలో ఏ అధికారికీ చేతకాదు. కాసేపటికి మెర్వితో సహా ఆడవాళ్లమందరం చెక్క బల్లల మీద, ఒంటిమీద నూలుపోగు లేకుండా. హిల్కా రాళ్ల మీద నీళ్లు చల్లింది. ఆవిరికి ఒకరి ముఖం ఒకరికి కనబడకపోయేసరికి మా నోళ్లు లేచాయి.

"నా పిల్లలందరికీ మొదటి స్నానం ఇక్కడేనమ్మా!"

"మా ఇంట్లోనూ ఉంది సౌనా. అందులో మా ఆయన తప్ప ఎవరుంటారు? ఆయనతో ఏం మాట్లాడను?"

"ఇది మూసేస్తే హిల్కా ఎవరిమీద అరుస్తుంది? అడవిలో ఎలుగుబంట్ల మీదా?"

ఒకటే నవ్వులు. ఎర్రగా కందిపోయిన మెర్వి ఒళ్లు చల్లబడేలా సరస్సులో దూకుదామని తలుపు తీసి, గుమ్మంలోనే వెనక్కి తిరిగింది.

"ఇదంతా హాల్లో చెప్పొచ్చుగా! నేనేమో అక్కడ..."

"తలుపు!" అంది హిల్కా.

మెర్వి గభాలున తలుపేసి, మళ్లీ లోపలికే వచ్చి కూర్చుంది. "బోలెడు అభ్యంతరాలున్నాయని రాస్తాలెండి. దీన్ని మూయనివ్వను," అంది. తర్వాత కాస్త సిగ్గుపడుతూ, "వచ్చే శనివారం ఎన్నింటికండీ?"

హిల్కా ఇంకో గరిటెడు నీళ్లు రాళ్ల మీద చల్లింది.

"నాలుగింటికి," అంది. "నువ్వొస్తానంటే ఇంకాస్త ముందే పొయ్యి అంటిస్తాలే, అమ్మాయ్."