పింఛను కోసం చంపిన దాయాది

ఉద్యోగం నుంచి దిగిపోయే వారంలో నేను ఒక మనిషిని చంపాను. నెమ్మదస్తుడు, ఒకరి జోలికి పోయినవాడు కాడు. పోలీసులు రాలేదు, ఎందుకంటే శవం లేదు. శవం ఎందుకు లేదంటే అసలు మనిషే లేడు. అయినా ఆ చావుకు పెద్దమనుషులు కళ్లు తుడుచుకున్నారు, మా ఇంటికి మైల పట్టింది, ముప్పై ఏళ్ల నౌకరీలో నేను మనసుపడిన ఒకే ఒక్క పూలదండ నా మెడ దాకా వచ్చి పక్కకు తిరిగిపోయింది. ఎలాగో చెబుతాను. నవ్వదలచినవారు నవ్వవచ్చు. మా ముందు నవ్వినవాళ్లను కట్టేయించే అలవాటు మా తాతగారితోనే పోయింది.

మా వంశం గురించి ఒక ముక్క చెప్పకపోతే ఈ కథ మీకు అర్థం కాదు. ఒకప్పుడు నెల్లూరు నుంచి సముద్రం వైపు పోయే బాటలో కనుచూపు మేర మాగాణి మాది. ముత్తాతగారి వాకిట్లో ఏనుగు ఉండేదట. ఆయన ఎవరినీ ఏదీ అడిగి ఎరగడు. అందరికీ ఆయనే సలహాలిచ్చేవాడు. వాటిని జనం విని ఊరుకున్నారు కాబట్టి బాగుపడ్డారు. ఆయన మాత్రం తన సలహాలు తానే పాటించాడు. అందుచేత నా దాకా వచ్చినవి ఇంటిపేరు, వెన్నెముక. ఆ రెంటినీ నిటారుగా నిలబెట్టుకుని నెల్లూరులో ఒక సర్కారు కచేరీలో హెడ్ గుమస్తాగా పనిచేశాను. కచేరీలో అందరూ నన్ను ‘దొరగారు’ అనేవారు. అది గౌరవమా, ఎగతాళా అని నేను ఎన్నడూ ఆరా తీయలేదు. తీస్తే తెలిసిపోతుందని భయం.

నయాపైసలకు జనం ఇంకా అలవాటుపడుతున్న రోజులు. నాకు యాభై అయిదు నిండబోతున్నాయి. ఆ సమయంలో అంకయ్య అనే ఆసామి నన్ను వెతుక్కుంటూ వచ్చాడు. ఆయన ఊరూరా డేరా వేసి సినిమాలు ఆడించేవాడు.

“దొరా, పింఛనులో కొంత భాగం సర్కారుకే వదిలేసినారంటే ఒక్కసారిగా రొక్కం ఇస్తారు. అది తెచ్చి నా డేరాలో భాగం తీసుకోండి. గేటుకాడ మీకు పేముకుర్చీ ఏపిస్తా. వచ్చినోడల్లా మీకు దండం పెట్టి లోపలికి పోతాడు” అన్నాడు.

లాభనష్టాల సంగతి కూడా ఏదో చెప్పే ఉంటాడు. నాకు గుర్తులేదు. కుర్చీ మాత్రం అల్లికతో సహా గుర్తుంది.

మా ఆవిడ కామాక్షి ఈ సంగతి విని చేటలో బియ్యం పక్కన పెట్టింది. “నెలనెలా వచ్చేది తెగ్గోసుకుంటే మనం ఏం తినాలండీ, ఆ కుర్చీనా?”

“నీకు వ్యాపారం తెలియదు.”

“మీకు తెలుసా?”

నేను పైకప్పు వైపు చూశాను. అక్కడ పెంకు జారి ఆకాశం కనిపించింది.

“ఉద్యోగం దిగేలోపల కాగితం మీద సంతకం పెట్టాలంటున్నారు కదా. అంతకుముందే నలుగురిని అడగండి. గ్రంథాలయం వరండాలో సాయంత్రం పూట పింఛనుదార్లంతా కూచోనుంటారు. వాళ్లకి మన సొమ్ముతో పనిలేదు. మనం వింటే చాలు, అదే పదివేలు వాళ్లకి” అంది.

“నేను వెళ్లి ఒకరిని అడగాలా?”

“నోరు తెరిచి మాట్లాడడమే కదండీ.”

“మా ఇంట్లో చెయ్యి చాచడం లేదు కామాక్షీ.”

“చెయ్యి చాచమన్లేదు. చెవి చాచమన్నా.”

మర్నాడు సాయంత్రం ఇస్త్రీ కోటు తొడుక్కుని వరండా మెట్లెక్కాను. ఇద్దరు పెద్దలు బల్ల మీద కూర్చుని వార్తాపత్రికను చెరో ముక్కా పంచుకుని చదువుతున్నారు. ఒకాయన రామకోటయ్య గారు. ట్రెజరీలో పనిచేసి దిగిన మనిషి, పింఛను నిబంధనలన్నీ ఆయనకు మంచినీళ్ల ప్రాయం. రెండో ఆయన ఖాదర్ సాహెబు గారు, పోస్టుమాస్టరుగా చేశారు. మెత్తని మనసు. ఎదుటివాడికి తుమ్ము వస్తే తన రుమాలు తీసిచ్చే రకం.

నేను గొంతు సవరించుకుని, మీరు ఊహించగలిగినంత నిర్లక్ష్యంగా, “మా దాయాది ఒకడున్నాడు. వచ్చే నెలలో ఉద్యోగం దిగిపోతున్నాడు. వాడి తరఫున ఒక మాట అడగాలి” అన్నాను.

నా చేత ఈ అబద్ధం ఆడించింది ఏనుగే అని ఇప్పటికీ నా నమ్మకం.

రామకోటయ్య గారు కళ్లజోడు పైకి తోసుకున్నారు. “అడగండి, అందుకే కదా కూచోనుండేది. ఏంది ఆయన కష్టం?”

డేరా సంగతి చెప్పాను. కుర్చీ సంగతి చెప్పకూడదనుకున్నాను. అదీ జారిపోయింది.

“కుర్చీ కోసం పింఛను అమ్ముకుంటాడా?” అన్నారు రామకోటయ్య గారు. “కొంచెం మతి తక్కువా మీ దాయాదికి?”

“తక్కువేమీ కాదు.”

“చిన్నప్పుడు తలకు దెబ్బేమన్నా తగిలిందా?” సాహెబు గారు ఎంతో జాలిగా అడిగారు.

“లేదు.”

“మరి ఎందుకబ్బా?” అన్నారు రామకోటయ్య గారు. “అయ్యా, మన సముద్రపొడ్డున గాలివానొస్తే తాటిచెట్లే నిలబడవు, డేరా నిలబడతాదా? పొద్దున లేచేసరికి ఆ గుడ్డ జువ్వలదిన్నె రేవులో పడవకి తెరచాపై ఉంటాది. నెల పింఛనంటే బతికినంత కాలం వచ్చేది. దాన్ని తెగ్గోసుకోబాకమని చెప్పండి. ఇంకో మాట. మీ దాయాదికి ఈ సలహా ఇచ్చినోడు ఎవరు, సొమ్ము అడుగుతున్నోడు ఎవరు?”

“ఇద్దరూ ఒకరే.”

“అయిపోయింది. ఇంకేం చూడక్కర్లా.”

నాకు కోపం వచ్చింది. ఒక్క దమ్మిడీ తీసుకోకుండా ఇంత చక్కగా నన్ను ఎవరూ అవమానించలేదు. పైగా అది నాకు కాదు, నా దాయాదికి. తిరిగి ఒక మాట అనడానికి కూడా లేదు. ఇంటికి పోయి కామాక్షికి ఏమీ చెప్పలేదు. కానీ మర్నాడు మళ్లీ వెళ్లాను. ఆ మర్నాడు కూడా. అడిగినకొద్దీ వాళ్లు చెబుతున్నారు. పింఛను ఎప్పుడు వస్తుంది, ఆలస్యమైతే ఎవరిని కలవాలి, పొద్దు ఎలా గడుపుకోవాలి, అన్నీ.

“పొద్దున్నే నడవమనండి. ఇంట్లో కూచోని కూర ఎట్టా తరగాలో పెండ్లానికి చెప్పబాకమనండి” అన్నారు రామకోటయ్య గారు.

ఆ ఉదయమే నేను కామాక్షికి వంకాయ ఎలా పట్టుకోవాలో చూపించి వచ్చాను.

ఇలా సాగితే బాగానే ఉండేది. చిక్కెక్కడ వచ్చిందంటే, వాళ్లకు నా దాయాది మీద ప్రేమ పుట్టింది. నా మీద ఎన్నడూ పుట్టనంత ప్రేమ. కుర్చీ మీద ఆశపడిన ఆ అమాయకుడు గోతిలో పడిపోతాడేమోనని సాహెబు గారికి నిద్ర పట్టడం లేదట.

“ఒకసారి తీసకరండి, మేం మాట్లాడతాం. ఏ ఊరాయనది?” అన్నారు సాహెబు గారు.

లేని మనిషికి ఊరేమిటని చెప్పను? నాకు లోకంలో ఉన్న ఒకే ఒక్క దాయాది, మా చిన్నాన్న కొడుకు రంగనాథం, కొడవలూరులో ఉండేవాడు. భాగాల దావా నాటి నుంచి మా మధ్య మాటల్లేవు. నోట్లోకి ఆ ఊరే వచ్చింది. “కొడవలూరు” అన్నాను.

“దగ్గరే కదబ్బా. ఆయన రాకపోతే మనమే పోదాం. ఆదివారం బస్సెక్కుదాం రామకోటయ్యా, ఏమంటావు?”

“పోదాం. సంతకం పెట్టకముందే పట్టుకోవాల.”

నా వీడ్కోలు సభ సోమవారం. ఆదివారం వీళ్లు కొడవలూరు పోయి అడిగితే నా పరువు బస్సు టికెట్టు ఖరీదు చెయ్యదు. ఆ రాత్రంతా పరిపరివిధాల ఆలోచించాను. శనివారం సాయంత్రం వరండాకు పోయి తల వంచుకుని నిలబడ్డాను.

“ఆదివారం ప్రయాణం అక్కర్లేదు. మా దాయాది పోయాడు” అన్నాను.

సాహెబు గారి చేతిలోంచి పత్రిక జారిపోయింది. “యాడికి?”

పైకి చూపించాను.

ఆయన రుమాలు తీశారు. రామకోటయ్య గారు కళ్లజోడు తీసి కళ్లు తుడుచుకున్నారు. తరువాత మెల్లగా, “డేరా దిగులుతోనే పోయినాడు, పిచ్చోడు” అన్నారు. హమ్మయ్య, గండం గడిచిందనుకుని నేను బల్ల మీద కూర్చోబోయాను. ఆయన ఒక్క ఉదుటున లేచారు. “దొరగారూ, కూచోబాకండి. దాయాది అంటిరే, మీకు మైల కదా. స్నానం చేసినారా?”

పాఠకులారా, ఇక్కడ నా తెలివికి జోహారు చెప్పండి. స్నేహితుడు అని ఉంటే ఏ గొడవా లేదు. మేనమామ కొడుకు అన్నా తేలిగ్గా పోయేది. నేను మాత్రం గొప్ప కోసం ‘దాయాది’ అన్నాను. దాయాది పోతే పెద్దకర్మ దాకా ఇంటిల్లిపాదికీ మైల. పూలు పెట్టుకోకూడదు, గంధం పూసుకోకూడదు, మేళం వినకూడదు. సోమవారం నాకు జరగబోయే మర్యాదలు సరిగ్గా ఈ మూడే. దండ, గంధం, సన్నాయిమేళంతో జట్కాలో ఊరేగిస్తూ ఇంటికి తీసుకుపోవడం. ఏనుగు తరువాత మా ఇంటికి వస్తున్న మొదటి ఊరేగింపు అది.

రామకోటయ్య గారు నన్ను పంపు దగ్గర నిలబెట్టి, కోటుతో సహా నాలుగు చెంబులు పోయించి, ఇంటికి పంపారు. ఇంట్లో కామాక్షి సోమవారానికి బూరెల పిండి జల్లిస్తోంది.

“ఆపు. మనకు మైల” అన్నాను నీళ్లు కారుతూ.

“అయ్యో, ఎవరు పోయినారండీ?”

“ఎవరూ పోలేదు.”

“మరి మైల?”

“అది ఉంది.”

సంగతంతా చెప్పాను. ఆమె పిండి చెయ్యి కడుక్కోవడం మరిచిపోయి నన్ను చూసింది. “మీ పేరు చెప్పి అడగడానికి సిగ్గుపడి ఇంకో మనిషిని పుట్టించి, పెంచి, చంపినారా? ఇంతకీ వాళ్లు ఏం చెప్పినారు? సంతకం పెట్టాలా, వద్దా?”

“వద్దన్నారు.”

“మరి మీరు?”

నేను తల తుడుచుకున్నాను. సిగ్గు విడిచి చెబుతున్నాను, అప్పటికి కూడా నా మనసు కుర్చీ మీదే ఉంది. అంకయ్య సోమవారం కచేరీకే కాగితం తెస్తానన్నాడు.

సోమవారం సభ జరిగింది. రామకోటయ్య గారు ముందుగానే వచ్చి మా ఆఫీసరుకు సంగతి విన్నవించారు. మేళంవాళ్లను పంపేశారు. ఆఫీసరు నన్ను గురించి రాసుకొచ్చిన ఉపన్యాసాన్ని జేబులో పెట్టుకుని, నా దాయాదిని గురించి మాట్లాడాడు. “వారిని నేను చూడలేదు. కానీ వారి అమాయకత్వం విన్నాను. బతికినంత కాలం వచ్చే పింఛనును ఒక కుర్చీ కోసం అమ్ముకోబోయి, ఆ దిగులుతో కన్నుమూశారు. ఇలాంటివారి అవివేకం మనకు గుణపాఠం.” అందరూ లేచి మౌనం పాటించారు. నేనూ లేచి నా అవివేకానికి మౌనం పాటించాను. నాకు తెచ్చిన గులాబీ దండ వృథా పోకూడదని నా పక్కనే ఒక ఖాళీ కుర్చీ వేసి, దాని వీపుకు వేశారు. గడపలో అంకయ్య చంకలో కాగితంతో నిలబడి ఉన్నాడు.

అప్పుడే తలకు తువ్వాలు చుట్టుకున్న ఒక మనిషి ఆయాసపడుతూ లోపలికి వచ్చి, కనిపించిన ఒకే ఒక ఖాళీ కుర్చీలో కూలబడ్డాడు. దండ ఉన్న కుర్చీలో. రంగనాథం.

“ఎవరబ్బా పోయింది? కొడవలూరులో మన ఇంటిపేరోళ్లు పోయినారని పోస్టాఫీసుకి ఎవరో సాహెబు గారు కబురు పెట్టినారంట. మా ఇంటికి జనం పరామర్శకి వస్తా ఉండారు. ఊళ్లో ఆ ఇంటిపేరు నాదొక్కడిదే” అన్నాడు.

ఆఫీసరు ఉపన్యాసం పెట్టుకున్న జేబు తడుముకున్నాడు.

“అయితే డేరా కోసం పింఛను అమ్ముకోబోయింది ఎవరు?” అన్నారు రామకోటయ్య గారు.

రంగనాథం నన్ను చూశాడు. నా ముఖం చూశాడు. గడపలో అంకయ్యను చూశాడు. దావాలో పదేళ్లు నా ఎదురుగా నిలబడ్డ మనిషి, నా ముఖం చదవడం వాడికి కొత్త కాదు. ఒక్క మాట చాలు, నేను మట్టిలో కలిసిపోతాను. వాడు తువ్వాలు విప్పి మొహం తుడుచుకున్నాడు.

“నేనే” అన్నాడు. “ఒంట్లో బాగలేక పడుకోనుంటే పోయినాననుకున్నట్టుండారు.”

వాడికి కూడా మా ముత్తాతే ముత్తాత కదా.

సాహెబు గారు వాడిని కౌగలించుకున్నారు. రామకోటయ్య గారు మాత్రం వదల్లేదు. “బతికితే బతికినావు. సంతకం పెట్టనని అందరి ముందరా చెప్పు.”

“మా అన్న మానుకోమంటే మానుకుంటా” అన్నాడు రంగనాథం, నా వైపు వేలు చూపించి. “చెప్పన్నా. మానుకోమంటావా, వద్దా?”

అందరూ నన్నే చూస్తున్నారు. గడపలో పేముకుర్చీ కరిగిపోతోంది.

“మానుకో” అన్నాను.

“గట్టిగా చెప్పన్నా.”

“మానుకో” అని అరిచాను. అంకయ్య కాగితం మడుచుకుని పోయాడు. అలా నా పింఛను నిలబడింది.

చచ్చి బతికిన మనిషి కాబట్టి దండ తీసి వాడి మెడలో వేశారు. గంధం పూశారు. మైల లేదని తేలింది కాబట్టి మేళంవాళ్లను వెనక్కి పిలిపించారు. జట్కాలో వాడు వెనక దర్జాగా కూర్చున్నాడు. నేను ముందు బండివాడి పక్కన కూర్చున్నాను. ఇంటి దగ్గర, నేను ఆపమన్నా వినక కామాక్షి చేసేసిన బూరెలు కూడా వాడే ముందు తిన్నాడు. ఆవిడ నాలుగు ఎక్కువే వేసింది.

ఆనాటి నుంచి రంగనాథం సాయంత్రం బస్సులో నెల్లూరు వచ్చి వరండాలో కూర్చునేవాడు. పింఛను ముఖం ఎరగని ఆ రైతుకు రామకోటయ్య గారు పింఛనుదారు ఎలా సుఖపడాలో పూసగుచ్చినట్టు చెప్పేవారు. నేను పక్కన కూర్చుని అన్నీ విని ఇంటికి వచ్చి పాటించేవాడిని. ఇన్నేళ్లు హాయిగా గడిచాయంటే అదే కారణం. మొన్న మాత్రం సిగ్గు విడిచి, నడుము వంచి, మొట్టమొదటిసారి నా నోటితో అడిగాను. “రామకోటయ్య గారూ, నాకు మోకాలు నొప్పి. ఏం చెయ్యమంటారు?”

ఆయన అటూ ఇటూ చూసి, నా చెవి దగ్గరికి వంగి, “చెప్తాలే గానీ, నిజంగా ఏ దాయాదికి?” అన్నారు.

కాబట్టి మా ఇంటిపేరు మీద, పోయిన ఏనుగు మీద ఒట్టు పెట్టి చెబుతున్నాను. ఇకముందు సలహా కావలసివస్తే నా పేరుతోనే అడుగుతాను. ఎవరూ నమ్మకపోతే నొప్పి భరిస్తాను గానీ, దాయాదిని మాత్రం మళ్లీ పుట్టించను.